పోగుచేసిన పాత సామాను: కాటాకి వెయ్యాలా, కొట్టుకి అమ్మాలా, కోరినవాళ్లకి ఇవ్వాలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో పాత తెలుగు ఇళ్లు ఒక్కొక్కటీ పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఇదే టెన్షన్: అటక మీది సామాను ఏం చెయ్యాలి? గంగాళాలు, మరచెంబులు, కుంచాలు, జాడీలు, భోషాణం, పందిరి మంచం, కుట్టుమిషను, వాల్వుల రేడియో. నా దగ్గర ఇంకాస్త ఎక్కువే ఉన్నాయి. మా ఇంటివి చాలక, వేరేవాళ్లు పాత సామాను కొట్టుకి వేసెయ్యబోతున్నవి కూడా ఏళ్ల తరబడి కొని తెచ్చి దాచుకున్నాను. ఇప్పుడు ఫ్లాట్‌కి మారుతూ వాటిలో చాలా భాగం వదులుకుంటున్నాను. ఈ పనిలో తెలిసింది, ఇదే అవస్థలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

అందరూ ముందు అడిగేది "ఎక్కడ అమ్మితే ఎక్కువ వస్తుంది?" అని. దానికి జవాబు వస్తువుని బట్టి మారిపోతుంది కాబట్టి అక్కడ మొదలుపెడితే ఏదీ తేలదు. ముందు తేల్చుకోవలసింది, ఈ వస్తువుకి విలువ దేనివల్ల వచ్చిందన్నది. లోహం వల్లా? ఇవాళ్టికీ వాడుకోవచ్చు కాబట్టా? అరుదుగా దొరుకుతుంది కాబట్టా? లేక మన ఇంట్లోది కాబట్టా? అది తేలితే ఎవరి దగ్గరికి పంపాలో వెంటనే తెలుస్తుంది.

ఈ నాలుగిట్లో చివరిదే మనల్ని కట్టిపడేస్తుంది. నాయనమ్మ చేతి కవ్వం, తాతగారు రంగం (బర్మా) నుంచి తెచ్చిన టేకు పెట్టె. గోపాలపురం రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లినవాళ్లు గంజాం జిల్లాలో ఎన్నో కుటుంబాల్లో ఉన్నారు. అలాంటి పెట్టె మీద చెయ్యి వేస్తే మనకి మనిషి గుర్తొస్తాడు. కొనేవాడికి కనిపించేది చెక్క. మన జ్ఞాపకం విలువ నిజమైనదే, కానీ దానికి అవతలివాడు డబ్బు ఇవ్వడు, ఇవ్వాలని ఆశించడం న్యాయం కూడా కాదు. ధర చెప్పలేక తికమకపడేదీ, మంచి బేరం వచ్చినా "ఇంతేనా?" అని చిన్నబుచ్చుకునేదీ ఈ విలువని మిగతా మూడింటితో కలిపెయ్యడం వల్లే.

అందుకని నేను చెప్పే మొదటి పని ఇది. సామానంతా ఒకచోట పరిచి, జ్ఞాపకం ఉన్నవి వేరు చెయ్యండి. వాటికి ధర కట్టకండి. వాటి సంగతి చివర్లో చెబుతాను. మిగతా ప్రతిదానికీ ఒక చీటీ కట్టి మూడు అంకెలు రాయండి. ఒకటి, తూకానికి వేస్తే వచ్చేది. రెండు, అలాంటిదే ఇవాళ కొట్లో కొత్తది కొంటే అయ్యేది. మూడు, మోజు ఉన్నవాళ్లు ఈమధ్య అలాంటిదానికి నిజంగా ఇచ్చినది. మూడో అంకె తెలియకపోతే ఖాళీగా ఉంచండి, ఊహించి నింపకండి. మొదటి అంకె కన్నా తక్కువకి ఎవరికీ అమ్మక్కర్లేదు. వాడుకునేవాళ్లు రెండో అంకె దాటి ఇవ్వరు. మూడో అంకె ఆశించాలంటే ఓపిక, ఫోటోలు, ప్యాకింగు అన్నీ కావాలి.

కాటా మీద

ఇత్తడి, కంచు, రాగి వీటిని కలిపి ఒకే తూకంలో వెయ్యడం మన ఇళ్లలో చాలామంది చేసేస్తున్నారు. మూడింటి ధరలూ వేరు. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. కంచు రాగి, తగరాల మిశ్రమం. గంటలకీ కంచాలకీ వాడే మేలురకం కంచులో తగరం దాదాపు ఐదో వంతు ఉంటుంది. తగరం రాగి కన్నా ఖరీదైన లోహం. అందుకే కంచు కిలో ధర ఇత్తడి కన్నా ఎక్కువ పలుకుతుంది. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. అంచు పట్టుకోకుండా అరచేతిలో నిలబెట్టి వేలితో కొడితే కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి మోత వెంటనే ఆగిపోతుంది. కిందపడితే ఇత్తడి సొట్టపోతుంది, కంచు పగులుతుంది. మీకే అనుమానంగా ఉంటే కంచు పని చేసే కంసారివాళ్లకి చూపించండి. వాళ్లు చూసీచూడగానే చెబుతారు. పర్లాకిమిడి వైపు వాళ్లయితే శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనివాళ్లని అడిగినా చెబుతారు.

కొట్టుకి వెళ్లే ముందు ఇంట్లోనే తూచి రాసుకోండి. బోలు పిడుల్లో లక్క ఉంటుంది, గంగాళం చెవులకి ఇనప కమ్మీలు ఉంటాయి, అడుగున ఏళ్లనాటి మసి, మట్టి ఉంటాయి. వీటికి తరుగు తియ్యడం న్యాయమే. కాకపోతే ఎంత తరుగో తూచే ముందు చెప్పించుకోవాలి, తూచాక కాదు.

పాత్రల కొట్టులో మార్పిడి మీద ఇస్తే ఎక్కువ ధర కడతామంటారు. పాత ఇత్తడి ఇచ్చి కొత్త స్టీలు గానీ కొత్త ఇత్తడి గానీ తీసుకోవడం అన్నమాట. కొట్టువాడు నిజంగానే కిలోకి ఎక్కువ ధర కట్టొచ్చు, కానీ కొత్తదాని ధరలోనో, మజూరీలోనో అది తిరిగి రాబట్టుకోవచ్చు. అందుకే రెండు ప్రశ్నలు విడివిడిగా వెయ్యండి: "నగదుకి ఇస్తే కిలో ఎంత? ఈ కొత్త బిందె నగదుకి కొంటే ఎంత?" రెండూ విన్నాక మార్పిడి లాభమో కాదో లెక్క చేతికొస్తుంది. నిజంగా కొత్త పాత్ర అవసరం ఉంటేనే మార్పిడి. లేకపోతే నగదే మేలు. అటక మీద పాతది పోయి కొత్తది చేరడం వల్ల మన పని తీరదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సొట్టలు పడి, అతుకులు వేసి, అడుగు పలచబడిన సాధారణ ఇత్తడి బిందెలు, చెంబులు, పళ్ళాలు కాటాకి వేసేస్తే తప్పేమీ లేదు. అవి కరిగి మళ్లీ పాత్రలే అవుతాయి. కానీ పనితనం ఉన్నవి వెయ్యకండి. అంటే చెక్కడం ఉన్నది, పేరు చెక్కినది, మర బిగువు చెడని మరచెంబు, గంజాం జిల్లా బెల్లగుంఠలో చేసే ఒళ్లు విరుచుకుని కదిలే ఇత్తడి చేప, కోరాపుట్, రాయగడ వైపు దొరికే పాత ఢోక్రా (ఇత్తడి పోత) బొమ్మలు. వీటిని తూకానికి ఇస్తే చేతిపని అంతా ఊరికే పోయినట్టే.

వెండి రూపాయల లెక్క

భోషాణం అడుగున గుడ్డలో కట్టిన వెండి రూపాయలు చాలా ఇళ్లలో దొరుకుతాయి. వీటికి లెక్క స్పష్టంగా ఉంది కాబట్టి మోసపోవలసిన పని లేదు. బ్రిటిష్ కాలం రూపాయి 11.66 గ్రాముల బరువు, అందులో 91.7 శాతం వెండి. అంటే అసలు వెండి సుమారు 10.69 గ్రాములు. 1940 నుంచి వెండి శాతాన్ని 50కి తగ్గించేశారు, కాబట్టి 1940 నుంచి 1945 దాకా ఉన్న రూపాయిలో వెండి సుమారు 5.83 గ్రాములే. 1947 రూపాయి నికెల్, అందులో వెండి లేదు. వెండి గ్రాము 100 రూపాయలు అనుకుంటే మొదటి రకానికి లోహం విలువ 1,069, రెండో రకానికి 583. ఆరోజు ధర పెట్టి మీరే గుణించుకోండి. ముందు సంవత్సరం చూసి రెండు కుప్పలు చేసుకుని, ఆ తర్వాతే కంసాలి దగ్గరికి వెళ్లండి.

కొన్ని సంవత్సరాలు వెండి విలువ దాటి పోతాయి. 1911 నాటి జార్జి రూపాయి మీద రాజు వస్త్రంపై ఏనుగు బొమ్మ తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని అభ్యంతరం వచ్చింది. 1912లో బొమ్మ మార్చి, పాతవి చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించేశారు. అందుకని 1911 రూపాయి కనిపిస్తే పక్కన పెట్టండి. 1939 రూపాయి ఇంకా అరుదు, అరుదు కాబట్టే నకిలీలూ ఎక్కువ. నాణేల సంగతి బాగా తెలిసినవాళ్లకి చూపించకుండా అమ్మకండి, కొనకండి. మరోవైపు 1943–47 నాటి చిల్లుకాణీలు ఎంత పాతవైనా కోట్ల సంఖ్యలో ముద్రించినవి. పిల్లలకి అణా, కాణీ లెక్క చూపించడానికి దాచుకోండి, లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆ మాట గట్టిగా చెప్పాలి. "ఈ నాణెం మీ దగ్గర ఉంటే లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఫోన్లు వస్తుంటాయి. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటారు. పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తనకి సంబంధం లేదని, ఎవరి దగ్గరా ఫీజులు వసూలు చెయ్యదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. అమ్మేవాడు ముందు డబ్బు కట్టే బేరం ఏదైనా సరే, అక్కడితో ఆపేయండి.

నాణేలని చింతపండుతోనో పొడులతోనో తోమకండి. మెరుపు వస్తుంది, సేకరించేవాళ్ల దగ్గర విలువ పోతుంది. పాత్రల సంగతి వేరు. వాడుకోవడానికి కొనేవాళ్లు తళతళలాడే పాత్ర అడుగుతారు, ఇత్తడిదైతే లోపల కళాయి ఉందా అని చూస్తారు. మోజుతో సేకరించేవాళ్లు మాత్రం ఏళ్లకొద్దీ ఏర్పడిన ఆ ముదురు రంగునే కోరుకుంటారు. కాబట్టి ఎవరికి అమ్మబోతున్నామో తేలకముందు తోమే పని పెట్టుకోవద్దు.

వాడుకునేవాళ్లు దొరికితే

మన సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్లకి ఒక వీలు ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఇక్కడ పాత సామానుకి వాడకం ఇంకా చావలేదు. మార్గశిరంలో లక్ష్మివారాలకి మన ఇళ్లలో పూజ చేస్తాం. ఒడియా ఇళ్లలో అదే నెల లక్ష్మివారాల్లో కొత్త ధాన్యం నింపిన మాణ (కొలపాత్ర) పెట్టి లక్ష్మిని కొలుస్తారు. మంచి ఇత్తడి కుంచం, మానిక, తవ్వ, సోల వరసగా ఉన్న కొలతల జత అమ్మాలనుకుంటే కార్తీకంలోనే నలుగురికీ చెప్పండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. వరస పూర్తిగా ఉంటే విడివిడిగా వచ్చేదానికన్నా ఎక్కువ వస్తుంది. విడగొట్టి అమ్మకండి.

కంచు కంచాలు, గిన్నెలు కూడా అంతే. ఒడియా ఇళ్లలో పెళ్లిళ్లకి కంచు పెట్టే ఆనవాయితీ ఉంది, పఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం) తినడానికి కంచు గిన్నె ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. కొత్త కంచు ఖరీదు ఇప్పుడు సామాన్యులకి అందేది కాదు. కాబట్టి పగులు లేని కంచు వస్తువుని కాటాకి వెయ్యడం నష్టం. కొత్తదాని ధరలో సగానికి ఇచ్చినా కాటా కన్నా మీకే ఎక్కువ మిగులుతుంది, అవతలివాళ్లకీ మేలు జరుగుతుంది. ఇరుగుపొరుగు, కాలనీ వాట్సాప్ గ్రూపు, గుడి దగ్గర పరిచయాలు ఈ పనికి చాలు. దూరం వెళ్లక్కర్లేదు.

కుట్టుమిషను విషయంలో ముందు తిప్పి చూడండి. నడుస్తూ ఉంటే టైలరుకి అమ్మండి, ఆమె ఆ మిషను మీద సంపాదించుకుంటుంది. సింగర్ అయితే మిషను మీద ఉన్న సీరియల్ నంబరుని బట్టి ఏ ఏడాదిదో తెలుసుకోవచ్చు, ఆ కాగితం కూడా దానితో ఇవ్వండి. నడవనిదైతే, పోత ఇనుముతో చేసిన కింది స్టాండుకి విడిగా గిరాకీ ఉంది. దాని మీద చెక్క వేసి బల్లలుగా హోటళ్లకి అమ్ముతారు. అందుకే కొందరు వ్యాపారులు మొత్తానికి ఒక ధర చెప్పి స్టాండు కోసమే కొంటారు. రెండింటి ధరలూ విడిగా అడగండి.

రోలు, తిరగలి, సన్నికల్లు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. బరువు ఎక్కువ, ధర తక్కువ. వీధిలో ఎవరైనా వాడుకుంటామంటే ఇచ్చెయ్యండి.

ఊళ్లో వ్యాపారా, ఆన్‌లైనా, పెద్ద ఊరా?

అరుదు వల్ల విలువ వచ్చిన వస్తువులకే ఈ ప్రశ్న. గ్రామఫోను, వాల్వుల రేడియో, పాత గోడ గడియారాలు, రంగుల గాజు సామాను, చెక్కడపు స్తంభాలు, గంజపా పేకలు ఈ వరసలోవి.

ఊళ్లో వ్యాపారి ఇంటికొచ్చి చూస్తాడు, అప్పటికప్పుడు డబ్బిస్తాడు, మొయ్యడం కూడా అతనిదే. దానికి బదులు ధర తగ్గించే తీసుకుంటాడు, ఎందుకంటే అతను మళ్లీ ఇంకో వ్యాపారికి అమ్మాలి. ఇందులో మోసం ఏమీ లేదు. తొందరలో ఉన్నవాళ్లకి, ఇల్లు ఖాళీ చెయ్యడానికి గడువు ఉన్నవాళ్లకి ఇదే సరైన దారి. ఒక్క జాగ్రత్త: "మొత్తం లాట్‌గా ఎంత?" అన్న బేరానికి ఒప్పుకోకండి. లాట్‌లో అతని కన్ను పడిన వస్తువు ఒకటి ఉంటుంది, మిగతావి దాన్ని కప్పిపుచ్చడానికే. ఒక్కోదానికి ధర చెప్పించి, ఆఖరికి మొత్తం మీద కాస్త తగ్గించి ఇవ్వండి.

ఆన్‌లైన్‌లో ధర ఎక్కువ రావచ్చు, పని చాలా ఎక్కువ. ఓఎల్ఎక్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో కనిపించేవి అమ్మేవాళ్లు అడిగిన ధరలు. అవే ధరలకి ఎవరూ కొనకపోవడం వల్లే అవి ఇంకా అక్కడ ఉన్నాయి. అమ్ముడైన ధర కావాలంటే ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే వీలుంది, వేలం సంస్థలు కూడా ఫలితాలు పెడతాయి. అవి చూసి చీటీ మీద మూడో అంకె రాయండి. ఫోటోల్లో లోపాలు దాచకండి. పగులు, అతుకు, మారిన భాగం దగ్గరగా తీసి పెట్టండి. డబ్బు వచ్చేటప్పుడు యూపీఐ పిన్ కొట్టాల్సిన పని, క్యూఆర్ స్కాన్ చెయ్యాల్సిన పని మనకి ఉండదు. "నేను సైన్యంలో ఉన్నాను, వస్తువు చూడక్కర్లేదు, ఈ కోడ్ స్కాన్ చేస్తే అడ్వాన్స్ వస్తుంది" అన్నవాడు కొనేవాడు కాదు.

గ్రామఫోనుల విషయంలో ప్రత్యేకంగా చెప్పాలి. పెద్ద ఇత్తడి బాకా, మెరిసే పెట్టె, మీద కుక్క బొమ్మ అంటించి ఉన్నవి చాలావరకు ఈమధ్య తయారు చేసినవే. అసలైన పాతవి ఎక్కువగా పెట్టెలా మూసుకునే పోర్టబుల్ రకం, హెచ్ఎంవీ 102 లాంటివి. స్ప్రింగు పట్టుకుంటోందా, సౌండ్‌బాక్సు అసలుదేనా అన్నదాన్ని బట్టి ధర. 78 స్పీడు రికార్డులు లక్కతో చేసినవి కాబట్టి పళ్ళెం లాగే పగులుతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టి పంపాలి. సినిమా పాటల రికార్డులు బోలెడు దొరుకుతాయి, ధర తక్కువ. రంగస్థల పద్యాల రికార్డులు అడిగేవాళ్లు వేరే ఉంటారు, అవి విడిగా పెట్టండి.

గంజపా పేకలు, అంటే చేత్తో రంగులు వేసిన గుండ్రటి ముక్కలు, మీ ఇంట్లో ఉంటే ముందు లెక్కపెట్టండి. ఎనిమిది రంగుల కట్టలో 96 ముక్కలు, దశావతార కట్టలో 120. ఒక్క ముక్క తక్కువైనా విలువ బాగా పడిపోతుంది. పర్లాకిమిడి వైపు ఇళ్లలో ఇవి ఇప్పటికీ బయటపడుతున్నాయి. దొరికిన కట్టని కాటా వ్యాపారికి చూపించే ముందు గంజపా తెలిసిన ఒడియా చిత్రకారుడికి చూపించండి.

పెద్ద ఊరికి తీసుకెళ్లడం మూడో దారి. బరంపురం నుంచి రైల్లో భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ సుమారు 280. రెండు చోట్లా హోటళ్లు, హోమ్‌స్టేలు, పాతకాలపు అలంకరణ కోరుకునేవాళ్లు ఉన్నారు. చిన్నవి, తేలికైనవి, విలువైనవి అయితే సంచిలో పెట్టుకుని వెళ్లొచ్చు. పందిరి మంచానికి మాత్రం రవాణా, విప్పడం, బిగించడం లెక్కేస్తే ఊళ్లో వచ్చేదే మిగలొచ్చు. బయల్దేరే ముందు ఫోటోలు పంపి ధర మాట పక్కా చేసుకోండి. వస్తువుతో అక్కడికి వెళ్లాక బేరం మన చేతిలో ఉండదు, తిరిగి మోసుకురావడం ఇష్టంలేక ఒప్పేసుకుంటాం.

కాగితాలు ఉంటే ఏ దారిలోనైనా ధర పెరుగుతుంది. రేడియోకి ఒకప్పుడు పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్లు, ఆ పుస్తకం ఉందా? గడియారం బిల్లు, రంగూన్ ఓడ టికెట్టు, పెళ్లి ఫోటోలో వెనక అదే అల్మరా. ఇవన్నీ వస్తువు వయసుకి సాక్ష్యాలు. మన జ్ఞాపకానికి డబ్బు రాదన్నాను కానీ, కాగితం మీద రుజువు ఉన్న చరిత్రకి వస్తుంది.

టేకు సామానుకి మరో లెక్క. ముందు చెక్కకే ధర కట్టి చూడాలి. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 7 అడుగుల పొడవు, 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న గుమ్మం కమ్మీ సుమారు 0.58 ఘనపుటడుగులు. పాత టేకు రేటు వడ్రంగిని అడిగి గుణిస్తే కింది హద్దు తెలిసిపోతుంది. చెక్కడం ఉంటే దానికి పైన. చెద పట్టిందా అని సూదితో గుచ్చి చూడండి. విప్పిన దూలాలు, స్తంభాలు రాష్ట్రం దాటించాలంటే ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో కనుక్కోండి. సరిహద్దుకి అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం మనకి పక్కవీధి లాంటిదే అయినా చెక్‌పోస్టుకి అది వేరే రాష్ట్రం.

పట్టుచీరలు ఈ లెక్కల్లో పడవు. పాత బరంపురం పట్టుచీరలో అసలు వెండి జరీ ఉంటే, ఇంటింటికీ తిరిగే జరీ వ్యాపారులు జరీ బరువుకే కొని చీరని కాల్చి వెండి తీస్తారు. చిరిగి పొడి అవుతున్న చీరకి అది తప్పదు. కానీ బరంపురం పట్టుకి ప్రత్యేకమైన ఫొడా కుంభ అంచు బాగున్న చీరని అలా కాల్చనివ్వకండి, నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఇంట్లో ఆడపిల్లలకి ఇవ్వండి, లేదా నేత తెలిసినవాళ్లకి అమ్మండి. పాత నమూనాలు చూసి కొత్తవి నేసేవాళ్లకి అలాంటి చీర పాఠం లాంటిది.

అమ్మకూడనివి

కొన్నిటికి ధర కట్టే ప్రశ్నే లేదు. ఏనుగు దంతం, పులిగోరు, జింక కొమ్ములు, చర్మాలు పాత ఇళ్లలో ఉంటాయి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం వీటిని అమ్మడం నేరం. యాజమాన్య పత్రం ఉన్నా వారసత్వంగా తప్ప చేతులు మారకూడదు. వద్దనుకుంటే, ఆ పత్రం ఉన్నవాళ్లు అటవీ శాఖకి అప్పగించే వీలు 2022 సవరణతో వచ్చింది, దానికి పరిహారం ఉండదు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు పశువుల కొమ్ముతో చేసినవి, వాటికి ఈ ఇబ్బంది లేదు. కొనేవాడు భయపడకుండా ఆ మాట రాసి ఇవ్వండి.

వందేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు, చేతిపని వస్తువులు, 75 ఏళ్లు దాటిన విలువైన వ్రాతప్రతులు 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. కొన్ని రకాలకి భారత పురావస్తు శాఖ అధికారి దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దేశం దాటించడం మాత్రం ఏ రకానికీ కుదరదు. ఆన్‌లైన్‌లో విదేశం నుంచి బేరం వస్తే, వస్తువు వయసు మీద అనుమానం ఉన్నప్పుడు పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న పత్రం తీసుకునే పంపాలి.

పన్ను సంగతి క్లుప్తంగా: ఇంట్లో వాడుకున్న సామాను అమ్మితే సాధారణంగా మూలధన లాభాల పన్ను ఉండదు. నగలు, చిత్రాలు, శిల్పాలు, పురావస్తు సేకరణలకి ఆ మినహాయింపు లేదు. పెద్ద మొత్తం అయితే ఆడిటర్‌ని అడగండి.

ఇచ్చెయ్యడం

తాటాకు ప్రతులు, పాత తెలుగు పుస్తకాలు, చేతిరాత లెక్కల పుస్తకాలు అమ్మితే వచ్చేది కొంచెమే, పోతే పోయేది చాలా. గిడుగు రామమూర్తిగారు ఏళ్ల తరబడి బోధించి, సవర భాష మీద పనిచేసిన ఊరు పర్లాకిమిడి. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రికి వెళ్లిపోయారు. ఆనాటి బడి పుస్తకాలు, పత్రికలు మన ఇళ్లలో చెదలకి పోతున్నాయి. ముందు ఫోన్‌తోనైనా పేజీలన్నీ ఫోటో తియ్యండి. ఆ తర్వాత తాటాకు ప్రతులైతే భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర మ్యూజియానికి రాయండి, అక్కడ తాటాకు ప్రతుల పెద్ద సంగ్రహం ఉంది. ఎవరికి ఇచ్చినా రిజిస్టరులో నమోదు సంఖ్య రాసిచ్చిన రసీదు అడగండి. ఆ సంఖ్య ఉంటే రేపు మనవలు వెళ్లి చూడగలరు.

మ్యూజియంవాళ్లు మామూలు గంగాళాలు తీసుకోరు. అవి గుడికి ఇవ్వొచ్చు. అన్నసంతర్పణలకి పెద్ద గుండిగలు, గంగాళాలు అక్కరకొస్తాయి. వంట చేసేవాళ్లని అడిగి, వాడతామంటేనే ఇవ్వండి. స్టోరు గదిలో పడేసి ఆనక తూకానికి వేసేట్టయితే ఆ పని మనమే చెయ్యొచ్చు.

ఇక మొదట పక్కన పెట్టిన జ్ఞాపకాల కుప్ప. దీనికి నాకు తెలిసిన మంచి దారి ఒకటే: చుట్టాల్లో ఎవరికి ఏది కావాలో అడగడం. పెద్దవాళ్లు పంచిపెట్టడం కాదు, కావలసినవాళ్లు కోరుకోవడం. "మీ నాయనమ్మదమ్మా, తీసుకో" అని బలవంతంగా ఇచ్చింది ఇంకో అటక మీదికి చేరుతుంది. ఇద్దరు ఒకదాన్నే కోరితే ఎవరికి దాని కథ ఎక్కువ తెలుసో వాళ్లకి ఇవ్వండి, రెండోవాళ్లకి ఇంకోటి. ఇచ్చేటప్పుడు ఆ కథ నాలుగు వాక్యాలు రాసి లోపల అంటించండి: ఎవరిది, ఎప్పటిది, ఎలా వచ్చింది. ఇది మా వదినలు, ఆడపడుచులు అందరూ ఒప్పుకున్న పద్ధతి, ఎవరి మధ్యా మాట రాలేదు.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రకి (అమ్మవారి జాతర) దూరాన ఉన్నవాళ్లందరూ వస్తారు. తేల్చుకోలేనివి ఒకే ఒక్క ట్రంకు పెట్టెలో పట్టేంత ఉంచుకుని, వచ్చే యాత్రకి అందరి ముందూ తెరవండి. పెట్టె నిండితే కొత్తది చేర్చే ముందు ఒకటి తియ్యాలి. ఆ యాత్రలోనూ ఎవరూ అడగనివాటికి చీటీ కట్టి, మూడు అంకెలూ రాసి, మిగతావాటితో పాటే పంపించెయ్యండి.